ఒళ్లో క్వింటాల్ మూట

1998లో నేను జిగణి పారిశ్రామికవాడలోని ఒక సీటు బెల్టుల ఫ్యాక్టరీలో టెస్టింగ్ ఇంజనీరుగా చేరాను. మాది మదనపల్లె. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి, ఎలక్ట్రానిక్ సిటీకి కాస్త ఇవతల సింగసంద్రలో కాపురం పెట్టాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అత్తగారు ఫోన్ చేసి, "అక్కడ నువ్వు ఏం పని చేస్తావమ్మా?" అని అడిగారు. "బెల్టులు తెంచుతానత్తయ్యా" అన్నాను. "జాగ్రత్తగా తెంచు" అన్నారావిడ.

నిజంగా నా పని అదే. బెల్టు పట్టీని మేం వెబ్బింగ్ అంటాం. అది మూడు వేళ్ల వెడల్పుండే పాలిస్టర్ నేత. దాన్ని యంత్రం దవడల మధ్య బిగించి, తెగేదాకా లాగి, ఎంత బరువు దగ్గర తెగిందో రాసుకోవాలి. బెల్టును చుట్టుకునే చక్రం ఉన్న పెట్టెను రిట్రాక్టర్ అంటాం. నెమ్మదిగా లాగితే బెల్టు వస్తుంది, ఠక్కున లాగితే బిగుసుకుపోతుంది. అది వందల సార్లు సరిగ్గా బిగుసుకుంటుందో లేదో చూడాలి. కింద కుట్టు హాల్లో అరవైమంది ఆడవాళ్లు వరుసగా మిషన్ల ముందు కూర్చుని ఆ పట్టీలను కొక్కేలకు కుట్టేవాళ్లు. పైన నేను వాటిని తెంచేదాన్ని. వాళ్లు నన్ను చూసి నవ్వుకునేవాళ్లు, వాళ్లు కుట్టినదాన్ని చింపే మనిషినని.

నన్ను ఇంటి నుంచి ఫ్యాక్టరీకి తీసుకొచ్చే కంపెనీ జీపుకు డ్రైవరు మునిస్వామప్ప. ఊరు చందాపుర. యాభై దాటిన మనిషి, గట్టి శరీరం. మా దగ్గర చేరకముందు చాలాకాలం మండీలకు రాగుల మూటలు తోలే లారీ నడిపాడు. ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ ప్రతి రెండు మాటలకూ ఒక కన్నడ మాట దొర్లేది. రోడ్డు మీద ఆయనంత నిదానస్తుణ్ణి నేను చూడలేదు. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఒకటే. సీటు బెల్టుల ఫ్యాక్టరీ జీపు నడుపుతూ ఆయన సీటు బెల్టు పెట్టుకునేవాడు కాదు.

గేటు దగ్గర సెక్యూరిటీ చూస్తాడని పట్టీని భుజం మీదుగా లాగి ఒళ్లో వేసుకునేవాడు. కొక్కెం తగిలించేవాడు కాదు. ఒకరోజు అడిగాను.

"ఏమన్నా, అది కండువానా?"

"ఇరవై ఏండ్లుగా బండి తోల్తా ఉండా మేడమ్. గీత గూడా పడలే. సుమ్నే, ఊరికే దీన్ని కట్టుకుంటే ఊపిరి ఆడేల్లే" అన్నాడు.

"ఎవరైనా వచ్చి మనల్ని గుద్దితేనో?"

ఆయన స్టీరింగ్ మీది రెండు చేతులూ ఎత్తి చూపించాడు. "ఈ చేతులుండాయి కదా. క్వింటాల్ మూట ఒక్కణ్ణే ఎత్తి లారీలో వేసిన చేతులు. స్టీరింగ్ పట్టుకుంటే నేను యాడికీ పోను."

ఆ మాట నన్ను వదలలేదు. ఎందుకంటే అది ఆయన ఒక్కడి మాట కాదు. అప్పట్లో మా ఫ్యాక్టరీలోనే సగంమంది అలాగే అనుకునేవాళ్లు. బండి గుద్దుకునేటప్పుడు చేతులతో ఆపుకోవచ్చని, బెల్టు అన్నది చేతకానివాళ్లకని. పదో తరగతిలో అందరం ద్రవ్యవేగం గురించి చదువుకుంటాం. బరువును వేగంతో గుణించడం నేర్చుకుని, మార్కులు తెచ్చుకుని మర్చిపోతాం. ఆ గుణకారంలో ఉన్న బరువు మనమేనని ఎవరూ చెప్పరు.

మా ల్యాబ్ పెద్ద కామత్ గారిని ఒప్పించి, మెయింటెనెన్స్ వాళ్ల చేత ఫ్యాక్టరీ వెనక ఒక ఏటవాలు బండి చేయించాను. వాలుగా వేసిన రెండు పట్టాలు, వాటి మీద చక్రాలున్న ఒక పాత సీటు, సీటుకు బెల్టు, ముందు పట్టుకోవడానికి ఇనుప కడ్డీ, కింద రబ్బరు దిమ్మె. మోకాలెత్తు కంటే తక్కువ నుంచి జారుతుంది. దిమ్మెను తాకేటప్పటికి దాని వేగం గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు. బస్సు కోసం కాస్త తొందరగా నడిచే మనిషి వేగం కన్నా కొంచెం ఎక్కువ, అంతే.

భోజనాల వేళ కుట్టు హాలు ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. మునిస్వామప్ప చొక్కా చేతులు మడిచి సీటులో కూర్చున్నాడు. బెల్టు వదులుగా పెట్టాం, దెబ్బ తగలకూడదు కాబట్టి. "మీరు చేతులతోనే ఆపుకోవాలన్నా. బెల్టు తగిలిందంటే మీరు ఓడినట్టు" అన్నాను.

"బెల్టు నన్ను ముట్టేల్లే. చూస్తా ఉండండి" అని కడ్డీ పట్టుకున్నాడు. ముంజేతుల నరాలు తేలాయి.

బండి వదిలారు. జారింది, దిమ్మెను తాకింది. ఠప్ మని ఒక చప్పుడు. మునిస్వామప్ప మోచేతులు రెండూ విరిగిన అగ్గిపుల్లల్లా మడుచుకుపోయాయి, ఛాతీ వెళ్లి బెల్టుకు ఆనింది, తలపాగా మాత్రం ఆగకుండా వెళ్లి గౌరమ్మ అనే ఆపరేటరు కాళ్ల దగ్గర పడింది. ఆడవాళ్లు విరగబడి నవ్వారు. ఆయన నవ్వలేదు. తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఇంకొక తూరి" అన్నాడు.

మూడుసార్లు ఎక్కాడు. మూడుసార్లూ చేతులు మడుచుకున్నాయి. దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ఎంత స్పీడు మేడమ్ అది?"

చెప్పాను. హోసూరు రోడ్డు మీద మనం వెళ్లే వేగానికి లెక్క కట్టి అదీ చెప్పాను. ముప్పై ఆరు కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి దేన్నైనా గుద్దితే, ముందు భాగం నలుగుతూ సెకనులో పదోవంతు కాలంలో ఆగిపోతుందనుకుందాం. ఆ కాస్త సమయంలో లోపలి మనిషిని ఆపాలంటే అతని బరువుకు పదింతలు మోసేటంత బలం కావాలి. "మీరు అరవై అయిదు కిలోలుంటారు. అంటే ఆరున్నర క్వింటాళ్లు."

"ఆరున్నర మూటలు" అన్నాడు మెల్లగా. ఆయనకు న్యూటన్ తెలియదు, కానీ రాగుల మూట తెలుసు. "ఒకటి ఎత్తుతా. రెండు ఎవుడెత్తుతాడు?"

"బెల్టు ఎత్తుతుంది. మిమ్మల్ని బండికి అతికించి పెడుతుంది. బండి ముందు భాగం నలిగి ఆగేంతసేపూ మీరూ దాంతోపాటే ఆగుతారు. బెల్టు లేకపోతే బండి ఆగాక మీరు ఒక్కరే వెళ్లి అద్దం దగ్గర ఆగుతారు, రెప్పపాటు కన్నా తక్కువలో."

ఆ సాయంత్రం ఆయన బెల్టు పెట్టుకుని కొక్కెం తగిలిస్తే వచ్చిన టక్ మనే చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచీ మునిస్వామప్ప మా కంపెనీకి నేను చేయగలిగిన దానికన్నా ఎక్కువ ప్రచారం చేశాడు. చందాపుర జంక్షన్లో టీ తాగే ప్రతి డ్రైవరుకూ మూటల లెక్క చెప్పేవాడు. జీపులో వెనక సీట్లకు కూడా మా బెల్టులే బిగించమని పట్టుబట్టి బిగింపజేశాడు. అప్పట్లో చాలా బళ్లలో వెనక బెల్టులే ఉండేవి కావు.

రెండేళ్లకు మా ఇందు పుట్టింది. జీతం లేని సెలవు కూడా అయిపోయాక ఫ్యాక్టరీలో ఆడవాళ్ల పిల్లల కోసం ఉన్న క్రెష్‌లో దాన్ని ఉంచుదామని, ఏడాది నిండిన పాపను ఎత్తుకుని జీపు కోసం నిలబడ్డాను. మునిస్వామప్ప దిగివచ్చి, పాప బుగ్గ పుణికి, తలుపు తీశాడు. వెనక సీట్లో కూర్చుని, ఇందును ఒళ్లో పెట్టుకుని, నా బెల్టు పెట్టుకున్నాను. పాపను రెండు చేతులతో గట్టిగా చుట్టుకున్నాను.

జీపు కదల్లేదు.

"బిడ్డ ఎంత తూగుతాది మేడమ్?" అని అద్దంలో చూస్తూ అడిగాడు.

"పది కిలోలు ఉంటుంది. ఏం?"

"అట్లైతే మీ ఒళ్లో క్వింటాల్ మూట ఉండాది."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. "అన్నా, కన్నతల్లిని. నా బిడ్డను నేను పట్టుకోలేనా? మీరు జాగ్రత్తగానే నడుపుతారు కదా."

"నేను జాగ్రత్తగానే తోల్తా. ముందరోడు తోలొద్దా?" అని ఆయన ఇంజను ఆపేశాడు. "నా చేతులు ఎంతటివో నాకు చూపించింది మీరే. మూడు తూర్లు చూపించినారు. మీ చేతులు నా చేతుల కన్నా గట్టివా? నేను తోలను మేడమ్. బేజారు చేసుకోవద్దు. సార్‌కు చెప్పుకుంటే చెప్పుకోండి."

ఇంజను ఆగిన నిశ్శబ్దంలో ఇందు నా గాజులతో ఆడుకుంటోంది. నేను ల్యాబ్‌లో రోజూ చేసే లెక్క అది. కార్ల కంపెనీ వాళ్లు వచ్చినప్పుడు బోర్డు మీద రాసి మరీ చెప్పే లెక్క. కానీ అందులో నా కూతుర్ని ఎప్పుడూ పెట్టి చూసుకోలేదు. ఒళ్లో ఉన్న బిడ్డ కన్నా భద్రంగా ఉన్న బిడ్డ లేదని మా అమ్మ నమ్మింది, నేనూ నమ్మాను. ఇంజనీరునైన నేను, తల్లినయ్యేసరికి లెక్కను ఇంటి గుమ్మం బయటే వదిలేశానన్నమాట.

ఏడుపు వచ్చినంత పనైంది. ఆ రోజు దిగిపోయి సెలవు పెట్టాను.

మా ల్యాబ్‌లో ఒక పిల్లల సీటు ఉండేది. విదేశీ కంపెనీ ఒకటి దానికి పట్టీలు కుట్టించుకోవాలని నమూనాగా పంపింది. పసిపిల్లను అందులో అయిదు చోట్ల పట్టీలతో బిగించి, ఆ సీటును మొత్తం కారు బెల్టుతో కట్టేస్తారు. మరునాడు కామత్ గారి దగ్గరికి వెళ్లి అది కావాలన్నాను. ఆయన నిబంధనల మనిషి. "నమూనా బయటికి పోకూడదమ్మా. పరీక్షకైతేనే ఇవ్వగలను. ఏ పరీక్ష?" అన్నారు. "వాడుక పరీక్ష సార్" అన్నాను. ఆయన నా మొహం కేసి చూశారు, ఫారం తీశారు, పరీక్ష పేరు దగ్గర అదే రాసి, గడువు దగ్గర ఖాళీ వదిలేసి సంతకం పెట్టారు.

మొదటి మూడు రోజులు ఇందు ఆ సీటులో ఏడ్చిన ఏడుపుకు సింగసంద్ర నుంచి బొమ్మసంద్ర దాకా రోడ్డు పక్క జనం తిరిగి చూశారు. బిడ్డను కట్టేసి తీసుకెళ్తున్నామని బస్టాపులో ఒకావిడ నన్ను తిట్టింది కూడా. మునిస్వామప్ప వెనక్కి తిరగకుండానే కుక్కలా, మేకలా, పాడైన సైలెన్సరున్న ఆటోలా అరిచేవాడు. ఆటోకి పాప లొంగింది. నాలుగో రోజు నుంచి ఆ సీటు చూడగానే తనే చేతులు చాచేది.

కొన్ని నెలలు గడిచాయి. ఎండలు ముదిరాయి. ఒక ఉదయం మునిస్వామప్ప వాళ్ల పెరట్లో కాచిన పనసపండు ఒకటి తెచ్చాడు. కుట్టు హాల్లో పంచుతానని, వెనక సీటు వెనక సామాను చోట, నమూనాల అట్టపెట్టెల మీద పెట్టాడు. పన్నెండు కిలోలు ఉంటుందని గర్వంగా చెప్పాడు. జీపంతా దాని వాసనే.

బొమ్మసంద్ర దాటకముందు, మా ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగిపోయింది. దానికి ముందు ఏం అడ్డొచ్చిందో మాకు ఇప్పటికీ తెలీదు. మునిస్వామప్ప బ్రేకు తొక్కాడు. టైర్లు కీచుమన్నాయి. ఆగుతామనే అనుకున్నాను. ఆగలేదు. లారీ వెనక ఇనుప చట్రం మా మీదికి పెరుగుతూ వచ్చింది.

నాకు గుర్తున్నదేమిటంటే, ఎవరో నా ఛాతీ మీద అడ్డంగా దుంగ పెట్టి కొట్టినట్టు అనిపించింది. చేతులు నా ప్రమేయం లేకుండా ముందుకు విసిరేసినట్టు లేచాయి. అవి ఖాళీగా ఉన్నాయి. అదే క్షణంలో నా చెవి పక్కనుంచి, నాకూ ఇందుకూ మధ్యలోంచి, ఏదో పెద్దది గాలిని చీల్చుకుంటూ పోయింది. ముందు అద్దం ఢామ్మని పగిలింది.

తర్వాత నిశ్శబ్దం. తర్వాత ఇందు ఏడుపు. అంత కమ్మని ఏడుపు నేను మళ్లీ వినలేదు.

పట్టీలు విప్పి దాన్ని తడిమి చూశాను. భుజాల మీద ఎర్రటి గీతలు తప్ప ఏమీ లేదు. "మేడమ్! బిడ్డ?" అని మునిస్వామప్ప అరిచాడు. "బాగుందన్నా. మీరు?" "ఛాతీ మండుతా ఉండాది. ఉండా, ఉండా" అన్నాడు. జీపు ముక్కు హార్మోనియం తిత్తిలా ముడుచుకుపోయింది. అది నలగడానికే ఉంది, నలిగింది, ఆ నలిగినంతసేపూ బెల్టులు మమ్మల్ని పట్టుకున్నాయి.

అప్పుడు ముందుకు చూశాం. పనసపండు పగిలిన అద్దంలో సగం లోపల, సగం బయట ఇరుక్కుని ఉంది. డాష్‌బోర్డు మీద, స్టీరింగ్ మీద, మునిస్వామప్ప తలపాగా మీద పసుపు తొనలు.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. "నేను కట్టుకున్నా. మీకు కట్టించినా. బిడ్డకు కట్టించినా" అన్నాడు. "దీనికి కట్టలే."

నేను ఇందును గుండెకు హత్తుకున్నాను. పన్నెండు కిలోల పండు. నా బిడ్డ అప్పటికి పదకొండు. నా ఒళ్లో ఉండి ఉంటే ఎక్కడ ఆగేదో చూపించడానికి ఏ ల్యాబూ అంత స్పష్టమైన పరీక్ష చేయలేదు. ఇందు మాత్రం ఏడుపు ఆపి, తొనల వాసనకు ముక్కు ఎగబీలుస్తూ అటు చెయ్యి చాచింది.

జనం మూగారు. లారీ డ్రైవరు దిగివచ్చి అందరూ బాగున్నారని చూసి తల పట్టుకుని కూర్చున్నాడు. వచ్చిన పోలీసు కానిస్టేబులు జీపును ఒకసారి, మమ్మల్ని ఒకసారి, పండును రెండుసార్లు చూశాడు. "ఒళ్ళే హలసినహణ్ణు. వేస్ట్ ఆయ్తు" అన్నాడు, మంచి పనసపండు వృథా అయిపోయిందని నిజంగా బాధపడుతూ. ముందు నవ్వింది మునిస్వామప్పే. నవ్వితే ఛాతీ నొప్పి పుట్టి అబ్బా అంటూ పట్టుకున్నాడు, మళ్లీ నవ్వాడు. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తే పక్కటెముక ఒకటి కాస్త చిట్లిందని తేలింది. మూడు వారాల్లో డ్యూటీకి వచ్చాడు. వచ్చీరాగానే కొత్త జీపులో సామాను చోటుకు మా పట్టీలతోనే ఒక వల అల్లించాడు.

ప్రమాదంలో పనిచేసిన బెల్టును మళ్లీ వాడకూడదు. ఒకసారి ఆ బరువు మోసిన నేత సాగుతుంది, రెండోసారికి అంత సాగలేదు. పిల్లల సీటూ అంతే. అందుకని అన్నీ విప్పి ల్యాబ్‌కు తెప్పించాను. ఇందు సీటును కట్టిన బెల్టును బల్ల మీద పరిచి దీపం కింద చూశాను. కొక్కెం ఒరుసుకున్న చోట వెబ్బింగ్ మెరుపెక్కి, సన్నగా కరిగిన గీత ఉంది. ఎంత బరువు లాగిందో చెప్పే గుర్తు అది. కొక్కెం దగ్గరి కుట్టులో ఒక్క పోగు కూడా తెగలేదు. చివర లేబుల్ మీద కుట్టిన మనిషి నంబరు ఉంది. రిజిస్టరు తీసి చూశాను. గౌరమ్మ.

బెల్టు చేత్తో పట్టుకుని కుట్టు హాల్లోకి దిగాను. నేను బెల్టు పట్టుకుని వస్తున్నానంటే ఆ హాల్లో అందరి మిషన్లూ నెమ్మదిస్తాయి. అది ఎవరిదో ఒకరిది తప్పని తెలిసే రోజు. గౌరమ్మ ముందు ఆగాను. ఆనేకల్ దగ్గరి పల్లె మనిషి ఆమె. మొహం పాలిపోయింది.

"ఏం తప్పు వచ్చె మేడమ్?" అంది, సూది మీంచి చెయ్యి తీయకుండానే.

"తప్పు కాదు గౌరమ్మా. ఇది నువ్వు కుట్టిందే. మొన్న మా పాప సీటును పట్టుకున్నది ఇదే. పోగు కూడా తెగలే. చెప్పి పోదామని వచ్చినా."

ఆమె బెల్టు అందుకుని కుట్టు మీద బొటనవేలు జరిపింది. ఒకసారి ఇటు, ఒకసారి అటు. పక్క మిషన్లన్నీ ఆగిపోయాయి. "పదకొండేండ్లుగా కుడతా ఉండా మేడమ్. ఇది తెగింది, అది తెగింది అని తెచ్చి చూపిస్తారు. నిలిచింది అని చెప్పను ఇంతవరకూ ఒకరూ రాలే" అంది. కళ్లు తుడుచుకుని నవ్వింది. "భోజనం బెల్లుకు బిడ్డను చూపించు. నేను పట్టుకున్న బిడ్డను నేనే చూడకపోతే ఎట్ల?"

మధ్యాహ్నం క్రెష్ కిటికీ దగ్గర పదిమంది ఆడవాళ్లు గుమిగూడారు. ఇందు లోపల చాప మీద బోర్లా పడుకుని నిద్రపోతోంది.

ఈ వృత్తిలో మా చేతికి తిరిగివచ్చేవి దాదాపు అన్నీ తెగినవే. నిలిచినవాటిని వేసుకుని జనం ఇళ్లకు వెళ్లిపోతారు, మాకు కబురు రాదు. అందుకే తప్పులు వెతికే అలవాటు పెరిగి, పని సరిగ్గా జరిగిందని చెప్పే అలవాటు పోతుంది. ఎంత బలానికి ఏది తెగుతుందో నాకు కాలేజీ నేర్పింది. ఆ లెక్కలో నన్నూ, నా బిడ్డనూ పెట్టుకోవాలని మునిస్వామప్ప నేర్పాడు. మిగిలింది గౌరమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆ తర్వాత నేను ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ప్రమాదంలో నిలిచిన బెల్టు ఎప్పుడు ల్యాబ్‌కు వచ్చినా, రిపోర్టు రాయకముందే లేబుల్ చూసుకుని, మెట్లు దిగి ఆ మిషను దగ్గరికి వెళ్లి చెప్పి వచ్చేదాన్ని.